మెల్లో రూస్ డిస్ట్రిక్ట్‌ను రద్దు చేయించడం ఎలా?

కాలిఫోర్నియాలో ప్రాపర్టీ టాక్స్ బిల్లులు అక్టోబరులో ఇళ్లకు చేరతాయి. కొత్త కాలనీల్లో ఇల్లు కొన్న తెలుగువాళ్ల నుంచి అప్పటినుంచి ఒకటే ప్రశ్న: "బిల్లులో అదనంగా పడే ఈ మెల్లో రూస్ పన్ను పీడ ఎప్పటికి వదులుతుంది? అందరం కలిసి సంతకాలు పెడితే రద్దు కాదా?" కొన్నిచోట్ల అవుతుంది, చాలాచోట్ల వెంటనే కాదు. మీ డిస్ట్రిక్ట్ ఏ కోవలోకి వస్తుందో సంతకాలకు బయల్దేరకముందే తేల్చుకోవాలి. శ్రమంతా వృథా అయ్యేది ఇక్కడే.

డిస్ట్రిక్ట్ అన్నారు కదా అని మన జిల్లాలాంటిది అనుకోకండి. దీనికి కలెక్టరూ ఉండడు, కచేరీ కూడా ఉండదు. అసలు పేరు కమ్యూనిటీ ఫెసిలిటీస్ డిస్ట్రిక్ట్, పొట్టిగా సీఎఫ్‌డీ. 1978లో ప్రాపొజిషన్ 13 వచ్చి ఆస్తిపన్ను మూల రేటును 1 శాతానికి కట్టేసింది. కొత్త కాలనీలకు రోడ్లు, మురుగు కాలవలు, బడులు, పార్కులు కట్టడానికి డబ్బు పుట్టక 1982లో ఈ డిస్ట్రిక్టులకు వీలు కల్పించే చట్టం చేశారు. దాన్ని తెచ్చిన రాష్ట్ర చట్టసభ సభ్యులు హెన్రీ మెల్లో, మైక్ రూస్‌ల పేర్లే దానికి స్థిరపడిపోయాయి. పటం మీద ఒక గీత గీసి, ఆ గీత లోపలి స్థలాల మీద ప్రత్యేక పన్ను వేసి, ఆ రాబడి చూపించి బాండ్లు అమ్మి అప్పు తెస్తారు. ఓటు ఎవరు వేశారంటారా? అప్పటికి అక్కడ 12 మంది ఓటర్లు కూడా లేకపోతే భూమి యజమానులదే ఓటు, ఎకరాకు ఒకటి చొప్పున. అంటే మీ ఇంటికి పునాది పడకముందే బిల్డర్ తన ఓటు తనే వేసుకున్నాడన్నమాట.

రద్దు గురించి చెప్పేది గవర్నమెంట్ కోడ్ సెక్షన్ 53338.5. దాని ప్రకారం డిస్ట్రిక్ట్‌ను పాలించే సభ ఆర్డినెన్స్‌తో (ఆ సభ చేసే స్థానిక చట్టంతో) రద్దు చేయవచ్చు, కానీ ముందు రెండు విషయాలు నిర్ధారించాలి. ఒకటి, డిస్ట్రిక్ట్ తీర్చాల్సిన అప్పు ఏమీ మిగల్లేదని. రెండు, ప్రత్యేక పన్ను వేసే అధికారం దానికి ఇక లేదని. మొదటిది అందరికీ తెలుసు. రెండోది మాత్రం బాండ్లు తీరిపోయిన డిస్ట్రిక్టుల్లో కూడా అడ్డం తిరుగుతుంది.

కావలసినవి

- గత మూడేళ్ల ప్రాపర్టీ టాక్స్ బిల్లులు, వాటి మీది పార్సెల్ నంబరు (మీ స్థలానికి కౌంటీ ఇచ్చే నంబరు)
- ఇల్లు కొన్నప్పటి ప్రిలిమినరీ టైటిల్ రిపోర్టు (ఆస్తి హక్కులు, దాని మీది బాకీల వివరాల నివేదిక)
- కౌంటీ రికార్డర్ (ఆస్తి పత్రాలు నమోదు చేసే ఆఫీసు) దగ్గర నమోదైన నోటీస్ ఆఫ్ స్పెషల్ టాక్స్ లియన్. లియన్ అంటే పన్ను బాకీకి ఆస్తి మీద ఉండే హక్కు
- రేట్ అండ్ మెథడ్ ఆఫ్ అపోర్షన్‌మెంట్ అనే పత్రం. పన్ను లెక్క, గడువు అంతా ఇందులోనే ఉంటుంది
- డిస్ట్రిక్ట్ ఏర్పాటు తీర్మానం, సరిహద్దు పటం
- బాండ్లు అమ్మి ఉంటే వాటి అఫీషియల్ స్టేట్‌మెంట్ (బాండ్లు కొనేవాళ్లకిచ్చే వివరాల పత్రం), తాజా వార్షిక నివేదిక
- ఇంగ్లిష్ ఉత్తరాలు రాసే ఓపిక ఉన్నవాళ్లు ఒకరు, ఎక్సెల్ షీట్ పట్టేవాళ్లు ఒకరు

లాయరు మొదటిరోజే అక్కర్లేదు. నాలుగో మెట్టు దాకా మీరే చేసుకోవచ్చు.

1. బిల్లులో ఆ పద్దు ఏమిటో తేల్చుకోండి

బిల్లులో 1 శాతం పన్ను కింద డైరెక్ట్ చార్జెస్, ఫిక్స్‌డ్ చార్జెస్, స్పెషల్ అసెస్‌మెంట్స్ లాంటి పేరుతో ఒక పట్టిక ఉంటుంది. అందులో ఉన్నవన్నీ మెల్లో రూస్ కావు. స్కూల్ పార్సెల్ టాక్స్, వీధిదీపాల అసెస్‌మెంట్, దోమల నివారణ రుసుము కూడా అక్కడే వస్తాయి. పేరులో సీఎఫ్‌డీ అనో, కమ్యూనిటీ ఫెసిలిటీస్ అనో ఉంటేనే ఈ పద్ధతి పనికొస్తుంది. అసెస్‌మెంట్ డిస్ట్రిక్ట్ అని ఉంటే చట్టం వేరు. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుముకు దీనితో సంబంధమే లేదు. ఒకే ఇంటి మీద రెండు మూడు సీఎఫ్‌డీలు ఉండటం మామూలే: స్కూలుది ఒకటి, సిటీది ఒకటి. అప్పుడు దేని దారి దానిదే.

2. యజమాని ఎవరో కనుక్కోండి

బిల్లు పంపేది కౌంటీ కాబట్టి అందరూ కౌంటీ టాక్స్ కలెక్టర్‌కు ఫోన్ చేస్తారు. ఆయన వసూలు చేసి ఇచ్చేవాడు మాత్రమే. పన్ను వేసేది సిటీ కావచ్చు, కౌంటీ కావచ్చు, స్కూల్ డిస్ట్రిక్ట్ కావచ్చు, నీటి సరఫరా సంస్థ కూడా కావచ్చు. పద్దు పక్కన ఉండే ఫోన్ నంబరు చాలావరకు లెక్కలు చూసే కన్సల్టెంట్ కంపెనీది. వాళ్లు మీ ఇంటి పన్ను ఎలా వచ్చిందో చెప్పగలరు, రద్దు చేయలేరు. "ఈ డిస్ట్రిక్ట్‌కు లెజిస్లేటివ్ బాడీ ఎవరు?" అని అడిగి పేరు రాసుకోండి. ఇకపై మీ ఉత్తరాలన్నీ ఆ సభ క్లర్క్‌కే వెళ్లాలి.

3. కాగితాలు తెప్పించండి

లియన్ నోటీసు కాపీ కౌంటీ రికార్డర్ ఆఫీసులో దొరుకుతుంది. దాని డాక్యుమెంట్ నంబరు మీ టైటిల్ రిపోర్టులో ఉంటుంది. రేట్ అండ్ మెథడ్ కూడా చాలాసార్లు దానికే జతచేసి ఉంటుంది.

బాండ్ల వివరాలకు రెండు చోట్లు చూడండి. మున్సిపల్ బాండ్ల పత్రాలు ఉచితంగా దొరికే ఎమ్మా వెబ్‌సైట్‌లో డిస్ట్రిక్ట్ పేరుతో వెతికితే అఫీషియల్ స్టేట్‌మెంట్, ఏటేటా ఇచ్చే నివేదికలు వస్తాయి. బాండ్లు ఉన్న ప్రతి సీఎఫ్‌డీ ఏటా అక్టోబరు 30లోగా కాలిఫోర్నియా డెట్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరీ కమిషన్‌కు కూడా లెక్క ఒప్పజెప్పాలి. మిగిలిన అసలు, రిజర్వు నిధి, బకాయిలు అందులో ఉంటాయి.

వీటితోపాటు సెక్షన్ 53343.1 కింద వార్షిక నివేదిక కావాలని అడగండి. డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నవాళ్లు గానీ, ఆస్తి ఉన్నవాళ్లు గానీ ఎవరు అడిగినా, ఆర్థిక సంవత్సరం ముగిసిన 120 రోజుల్లో తయారుచేయాలి. వసూలైన పన్ను ఎంత, కట్టడాలకు ఎంత, సేవలకు ఎంత, నిర్వహణ ఖర్చులకు ఎంత అనేది అందులో విడివిడిగా వస్తుంది. ఎవరూ అడగకపోతే ఇది తయారుచేయరు కాబట్టి రాతపూర్వకంగా అడగండి.

ఇవి కాక ఏ పత్రం కావాలన్నా పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ కింద ఈమెయిల్ చాలు. మన ఆర్‌టీఐ లాంటిదే. ఇవ్వగలరో లేదో 10 రోజుల్లో చెప్పాలి, ప్రత్యేక కారణాలుంటే ఇంకో 14 రోజులు తీసుకోవచ్చు. "మెల్లో రూస్‌కు సంబంధించినవన్నీ పంపండి" అని రాస్తే నెలలు పడుతుంది. పత్రం పేరు, సంవత్సరం రాసి అడగండి.

4. నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి

ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగూ రాసి, ఎదురుగా జవాబు, అది దొరికిన పేజీ నంబరు వేయండి. మిగతా పనంతా ఈ కాగితం మీదే నడుస్తుంది.

మొదటిది, బాండ్లు ఎన్ని సిరీస్‌లు అమ్మారు, ఒక్కోదానికి చివరి తేదీ ఏది? పాత బాండ్లు తీర్చి కొత్తవి అమ్మితే పాతవాటి తేదీ పనికిరాదు. సిరీస్ ఏ తీరిపోయిందని సంబరపడితే సిరీస్ బీ ఇంకా మిగిలే ఉండవచ్చు.

రెండోది, పన్ను వేయగల చివరి ఆర్థిక సంవత్సరం ఏది? ఇళ్ల మీద కట్టడాల కోసం వేసే పన్నుకు రేట్ అండ్ మెథడ్‌లో ఈ గడువు తప్పనిసరిగా ఉండాలి. గరిష్ఠ పన్ను కూడా ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. 2 శాతమే కదా అనుకోవద్దు: 2,400 డాలర్ల గరిష్ఠం 20 ఏళ్లకు సుమారు 3,566 అవుతుంది.

మూడోది, సేవల పన్ను ఉందా? పోలీసు, ఫైర్, పార్కుల నిర్వహణ కోసం వేసే పన్నుకు చాలాచోట్ల గడువే ఉండదు. కొన్ని డిస్ట్రిక్టుల్లో ఒకే పద్దు కింద రెండు పన్నులు కలిసి ఉంటాయి: బాండ్ల భాగం ఆగిపోయినా సేవల భాగం నడుస్తూనే ఉంటుంది.

నాలుగోది, బాండ్లు తీరాక కూడా కొత్త కట్టడాలకు నేరుగా డబ్బు వాడుకునే వీలు రాసుకున్నారా? దీన్ని పే అజ్ యు గో అంటారు. ఇది ఉంటే గడువు దాకా పన్ను వేసే అధికారం బతికే ఉన్నట్టు. సెక్షన్ 53338.5లోని రెండో షరతు ఇక్కడే తన్నుతుంది.

తేదీల విషయం ఒక ఉదాహరణతో చూడండి. ఈ బాండ్లకు సాధారణంగా మార్చి 1న వడ్డీ, సెప్టెంబరు 1న వడ్డీతోపాటు అసలు కడతారు. చివరి తేదీ 2030 సెప్టెంబరు 1 అనుకుందాం. దానికి కావలసిన డబ్బు 2029 డిసెంబరు, 2030 ఏప్రిల్ వాయిదాల్లో వసూలైపోతుంది. అంటే బాండ్ల కోసం చివరి పన్ను 2029-30 బిల్లులోనే రావాలి. 2030 అక్టోబరు బిల్లులో కూడా అదే పద్దు కనిపిస్తే కారణం అడగాల్సిందే. ఇంకో మాట: బాండ్లు అమ్మినప్పుడు పక్కన పెట్టిన రిజర్వు నిధిని సాధారణంగా చివరి వాయిదాకు వాడతారు. కాబట్టి ఆఖరి సంవత్సరం పన్ను బాగా తగ్గాలి, కొన్నిచోట్ల సున్నా కూడా కావచ్చు. ఆ ఆఖరి బిల్లుకు ముందరి జూన్‌లోనే (ఈ ఉదాహరణలో 2029 జూన్) "రిజర్వు ఎంత ఉంది, చివరి చెల్లింపుకు ఎంత వాడుతున్నారు?" అని ఉత్తరం రాయండి. బిల్లు వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది.

5. మీ దారి ఏదో ఎంచుకోండి

అప్పు తీరింది, గడువు కూడా ముగిసింది: ఇది అన్నిటికన్నా సులువు. నేరుగా ఆరో మెట్టుకు వెళ్లండి.

అప్పు అసలు చేయనేలేదు: పటం గీసి, ఓటింగ్ జరిపి, బాండ్లు అమ్మకముందే ప్రాజెక్టు ఆగిపోయిన డిస్ట్రిక్టులు ఉంటాయి. పన్ను పడకపోయినా లియన్ నోటీసు మాత్రం రికార్డులో ఉండి, అమ్మేటప్పుడు అడ్డం వస్తుంది. ఇక్కడ యజమానులు కొద్దిమందే కాబట్టి అందరి సంతకాలతో అడిగితే పని త్వరగా అవుతుంది.

అప్పు తీరింది కానీ సేవల పన్నో, పే అజ్ యు గో అధికారమో మిగిలింది: ముందు పన్నును తీయించాలి, ఆ తర్వాతే డిస్ట్రిక్ట్. దీనికి ఏడో మెట్టు ఉంది. ఒక హెచ్చరిక: పార్కులో గడ్డి కోసే డబ్బు ఈ పన్ను నుంచే వస్తుంటే, పన్ను పోయాక ఆ ఖర్చు ఎవరు పెడతారని కౌన్సిల్ అడుగుతుంది. జవాబు లేకుండా వెళ్లకండి. హెచ్‌ఓఏ నెత్తిన పడితే రుసుము పెరుగుతుంది.

అప్పు ఇంకా ఉంది: డిస్ట్రిక్ట్ రద్దు కాదు. ఎన్ని సంతకాలు పెట్టినా కాదు. బాండ్లు కొన్నవాళ్లకు ఈ పన్నే హామీ. అప్పు తీర్చడానికి వాడుతున్న పన్నును తగ్గించడం వల్ల ఆ చెల్లింపు సకాలంలో జరగడానికి ఇబ్బంది లేదని తేలితే తప్ప, తగ్గించే ప్రతిపాదనను సభ చేపట్టనే కూడదని సెక్షన్ 53332 చెబుతుంది. ప్రాపొజిషన్ 218 (1996) కింద ఓటర్లు ఇనిషియేటివ్‌తో (ఓటర్లే పిటిషన్ పెట్టి తెచ్చే ప్రతిపాదనతో) స్థానిక పన్నులు రద్దు చేయవచ్చన్నది నిజమే, కానీ బాండ్లకు హామీగా పెట్టిన పన్ను మీద అది పారదు. ఇలాంటప్పుడు రెండు పనులు చేయవచ్చు. వడ్డీ తక్కువకు బాండ్లు మార్చి, ఆ మిగులును పన్ను తగ్గింపుగా ఇవ్వమని అడగడం ఒకటి. మీ ఒక్క ఇంటి మీది బాధ్యతను ముందే కట్టేయడం రెండోది. దీన్ని ప్రీపేమెంట్ అంటారు. రేట్ అండ్ మెథడ్‌లో ఆ వీలుంటే కన్సల్టెంట్ మొత్తం లెక్కగట్టి ఇస్తాడు, కట్టాక మీ పార్సెల్‌కు నోటీస్ ఆఫ్ క్యాన్సలేషన్ రికార్డు చేస్తారు. బాండ్లు ఇంకో ఏడెనిమిదేళ్లలో తీరేవైతే, లెక్క వేసుకోకుండా తొందరపడకండి. సేవల పన్నుకు మామూలుగా ప్రీపేమెంట్ ఉండదని కూడా గుర్తుంచుకోండి.

6. ఉత్తరం రాయండి

కోపం, చరిత్ర అక్కర్లేదు. ఒక పేజీ చాలు. అందులో నాలుగు అంశాలు ఉండాలి: డిస్ట్రిక్ట్ పూర్తి పేరు, నంబరు; పేజీ నంబరుతో అప్పు తీరిన ఆధారం; పన్ను గడువు ముగిసిన ఆధారం; మీరు కోరేది. కోరేవి మూడు, మూడూ విడివిడిగా రాయండి. సెక్షన్ 53330.5 కింద పన్ను ఆగిపోయిందని నిర్ధారించి నోటీస్ ఆఫ్ సెసేషన్ ఆఫ్ స్పెషల్ టాక్స్ రికార్డు చేయాలి. సెక్షన్ 53338.5 కింద రద్దు ఆర్డినెన్స్ తేవాలి. ఖాతాలో మిగిలిన డబ్బు ఎంత, ఏం చేస్తారో చెప్పాలి.

మొదటిదాన్నీ రెండోదాన్నీ కలిపేయకండి. పన్ను, ఆస్తి మీది లియన్ తొలగడానికి సెసేషన్ నోటీసు చాలు. కొన్ని సిటీలు అక్కడితో ఆపేసి డిస్ట్రిక్ట్‌ను కాగితం మీద అలాగే ఉంచుతాయి. దానివల్ల మీకు పైసా నష్టం లేదు. సిబ్బంది ఆర్డినెన్స్‌కు వెనకాడుతుంటే ముందు సెసేషన్ సాధించండి.

ఈ ఉత్తరం సిటీ క్లర్క్‌కు, ఫైనాన్స్ డైరెక్టర్‌కు, సిటీ అటార్నీకి ఒకేసారి పంపండి. స్కూల్ డిస్ట్రిక్ట్ అయితే సూపరింటెండెంట్‌కు, బోర్డుకు.

7. పిటిషన్ అవసరమైతే

పన్ను అధికారం మిగిలి ఉండి, కౌన్సిల్ తనంతట తాను కదలకపోతే పిటిషన్ దారి. డిస్ట్రిక్ట్‌లో ఉంటున్న నమోదైన ఓటర్లలో 25 శాతం గానీ, భూవిస్తీర్ణంలో 25 శాతానికి యజమానులు గానీ సంతకాలు చేస్తే సభ ఆ మార్పును పరిశీలనకు తీసుకోవాలి.

మనవాళ్లకు ఇక్కడ ఒక మెలిక ఉంది. హెచ్-1బీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఓటర్లు కారు. వాళ్లు ఓటరు పిటిషన్ మీద సంతకం చేస్తే అది చెల్లదు సరికదా, ఓటరునని తప్పుగా రాసుకుంటే ఇమిగ్రేషన్ చిక్కులు కొనితెచ్చుకున్నట్టే. కానీ ఇంటి యజమానులుగా భూమి పిటిషన్ మీద నిశ్చింతగా సంతకం చేయవచ్చు. మన ఇళ్లు ఎక్కువున్న కాలనీల్లో భూమి పిటిషనే మేలు.

అయితే లెక్క ఇళ్లతో కాదు, విస్తీర్ణంతో. ఒక ఉదాహరణ: డిస్ట్రిక్ట్‌లో 240 ఇళ్లు, ఒక్కో స్థలం 5,000 చదరపు అడుగులు. మొత్తం 12 లక్షల చదరపు అడుగులు, అంటే సుమారు 27.5 ఎకరాలు. 240లో 25 శాతం 60 కాబట్టి 60 ఇళ్లు చాలనుకుంటారు. కానీ గీత లోపల బిల్డర్ ఖాళీ స్థలం 20 ఎకరాలు, షాపింగ్ సెంటర్ 8 ఎకరాలు కూడా ఉన్నాయి. మొత్తం 55.5 ఎకరాలు. అందులో 25 శాతం 13.9 ఎకరాలు. అంటే 121 ఇళ్లు కావాలి, అనుకున్నదానికి రెట్టింపు. పైగా 10 శాతం సంతకాలు ఏదో ఒక కారణంతో పోతాయనుకుని ఇంకో డజను ఇళ్లు అదనంగా తిరగండి.

సంతకాలు పోయే కారణాలు ఎప్పుడూ ఇవే. భార్యాభర్తల పేర్ల మీద ఉన్న ఇంటికి ఒక్కరే సంతకం చేస్తారు. ఇల్లు ఫ్యామిలీ ట్రస్టులోకి మార్చి, సంతకం మాత్రం ట్రస్టీ అని రాయకుండా సొంత పేరుతో పెడతారు. అసెసర్ (ఆస్తుల విలువ కట్టే కౌంటీ అధికారి) రికార్డులో ఇంటిపేరు చివర ఉంటే, సంతకం కింద మన అలవాటు కొద్దీ ఇంటిపేరు మొదట రాస్తారు. అద్దెకున్నవాళ్లు యజమాని వరుసలో సంతకం చేస్తారు. అందుకే ముందుగా అసెసర్ జాబితా నుంచి పార్సెల్ నంబరు, యజమాని పేరు, విస్తీర్ణం అచ్చువేసిన ఫారం పట్టుకెళ్లండి. వాళ్లు సంతకం, తేదీ మాత్రమే పెట్టేలా ఉండాలి. కాండోల్లో భూమి ఉమ్మడిది కాబట్టి, ఒక్కో యూనిట్‌కు ఎంత లెక్కగడతారో క్లర్క్ దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

పిటిషన్ అందాక సభ పరిశీలన తీర్మానం చేసి, 30 నుంచి 60 రోజుల మధ్య బహిరంగ విచారణ పెడుతుంది. ఎదుటిపక్షానికీ ఆయుధం ఉందని మరవకండి. సగం భూమి యజమానులు గానీ, సగం మంది ఓటర్లు (కనీసం ఆరుగురు) గానీ రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే అది అక్కడితో ఆగిపోతుంది, ఏడాదిపాటు మళ్లీ ఎత్తడానికి ఉండదు. పై ఉదాహరణలో బిల్డర్, షాపింగ్ సెంటర్ కలిస్తే సగం దాటుతారు. కాబట్టి ఇళ్లు తిరగకముందే వాళ్లిద్దరితో మాట్లాడండి.

విషయం ఓటింగ్‌కు వెళ్తుందా అని సిటీ అటార్నీని మొదట్లోనే అడగండి. వెళ్తే, కనీసం 12 మంది ఓటర్లున్న చోట ఓటు ఓటర్లదే, భూమి యజమానులది కాదు. పిటిషన్‌లో పనికొచ్చిన గ్రీన్ కార్డు సంతకం బ్యాలెట్‌లో పనికిరాదు. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లను అప్పటికే ఓటర్లుగా నమోదు చేయించి ఉంచండి.

8. సభలో

అజెండా 72 గంటల ముందు బయటపెడతారు. అందులో స్టాఫ్ రిపోర్టు చదవండి. చూడాల్సింది ఒక్కటే: అప్పు లేదు, పన్ను అధికారం లేదు అనే రెండు నిర్ధారణలూ ఆర్డినెన్స్ ముసాయిదాలో విడివిడిగా ఉన్నాయా? లేకపోతే సమావేశానికి ముందే క్లర్క్‌కు ఈమెయిల్ పంపండి. మాట్లాడటానికి మీకు రెండు మూడు నిమిషాలే దొరుకుతాయి. పదిమంది ఒకే మాట చెప్పేకన్నా ఒకరు మాట్లాడి, మిగతావాళ్లు లేచి నిలబడితే మేలు.

సిటీ ఆర్డినెన్స్ ఒక్క రోజులో పూర్తికాదు. రెండు సమావేశాల్లో చదవాలి, ఆమోదించాక మామూలుగా 30 రోజులకు అమల్లోకి వస్తుంది. మొదటిసారి చదివిన రాత్రే స్వీట్లు పంచుకుని, రెండో సమావేశాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం తరచూ జరిగేదే. అది అజెండాలోంచి జారిపోతే అడిగేవాడే ఉండడు.

9. ఆగస్టు 10ని దృష్టిలో పెట్టుకోండి

ఆ ఏడాది పన్ను జాబితా కౌంటీ ఆడిటర్‌కు చేరాల్సిన తేదీ ఆగస్టు 10. ఆ తర్వాత రద్దయినా ఆ సంవత్సరం బిల్లులో పద్దు వచ్చేస్తుంది, ఇక తిరిగి రాబట్టుకోవడం ఇంకో యజ్ఞం. వెనక్కి లెక్కపెట్టుకోండి: ఆర్డినెన్స్ జులైలో అమల్లో ఉండాలంటే మే నెలలో మొదటిసారి చదవాలి, అంటే మీ ఉత్తరం జనవరికల్లా వెళ్లాలి. పిటిషన్ అవసరమయ్యే చోటైతే అంతకు ముందు ఏడాదే మొదలుపెట్టాలి.

పన్ను మాత్రం ఆపకండి

"ఎలాగూ రద్దవుతుంది కదా" అని ఆ పద్దు తీసేసి మిగతాది కట్టేవాళ్లు ఉన్నారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. మామూలు ఆస్తిపన్ను బకాయికి ఇల్లు వేలానికి రాకముందు ఐదేళ్ల గడువు ఉంటుంది. మెల్లో రూస్ బకాయిపై మాత్రం అంతవరకూ ఆగక్కర్లేకుండా సీఎఫ్‌డీయే కోర్టుకెళ్లి ఫోర్‌క్లోజర్ దావా (ఇల్లు అమ్మించి బకాయి రాబట్టే దావా) వేయవచ్చు, అలా వేస్తామని బాండ్ల ఒప్పందాల్లో మాట కూడా ఇస్తుంది. డిసెంబరు 10, ఏప్రిల్ 10 దాటకుండా కట్టేసి, పోరాటం వేరుగా చేయండి. రద్దయినా పాత బకాయిలు మాఫీ అయిపోవని కూడా గుర్తుంచుకోండి.

నిజంగా రద్దయిందో లేదో సరిచూసుకోవడం

కౌన్సిల్ ఓటు వేసిందంటే పని అయిపోలేదు. రికార్డర్ ఆఫీసులో కాగితం పడితేనే అయినట్టు. ఓటు తర్వాత రెండు నెలలకు ఈ వరసలో చూడండి.

- సెసేషన్ నోటీసుకు కౌంటీ రికార్డర్ డాక్యుమెంట్ నంబరు వచ్చిందా? అందులో సరిహద్దు పటం నమోదైన పుస్తకం, పేజీ నంబరు సరిగ్గా ఉన్నాయా? డిస్ట్రిక్ట్‌కు తర్వాత కలిపిన స్థలాల పటాలు వేరే పేజీలో ఉంటాయి. మీ వీధి అలా కలిపినదైతే, ఆ పటం కూడా పేర్కొన్నారో లేదో చూడండి.
- రద్దయిందని చెప్పే అనుబంధం పాత లియన్ నోటీసుకు చేర్చి రికార్డు చేశారా? పాత నోటీసు డాక్యుమెంట్ నంబరు అందులో ఒక్క అంకె తప్పినా టైటిల్ కంపెనీకి లియన్ ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది.
- అక్టోబరు బిల్లులో పద్దు పోయిందా? మీది ఒక్కటే కాక, డిస్ట్రిక్ట్ నాలుగు మూలలా నాలుగు ఇళ్ల బిల్లులు చూడండి.
- మిగిలిన డబ్బు ఎక్కడికి పోయింది? బాండ్ల డబ్బు ఉంచే ట్రస్టీ బ్యాంకు ఇచ్చే ఆఖరి ఖాతా పత్రం అడగండి. ఆ డబ్బును దేనికి వాడవచ్చో బాండ్ల ఒప్పందంలోను, ఏర్పాటు తీర్మానంలోను ఉంటుంది. సొంత జనరల్ ఫండ్‌లో కలిపేసుకున్నారేమో చూడండి.

డిస్ట్రిక్ట్ పోయినంత మాత్రాన బడి, రోడ్డు, పార్కు ఎక్కడికీ పోవు. అవి మొదటినుంచీ సిటీవో స్కూల్ డిస్ట్రిక్ట్‌వో. 1 శాతం ఆస్తిపన్ను కూడా తగ్గదు.

టెక్సస్‌లో మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్), ఫ్లోరిడాలో సీడీడీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్) ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. వాటికి ఈ సెక్షన్లు, ఈ ఉత్తరం పనికిరావు. సీఎఫ్‌డీకి భిన్నంగా వాటికి సొంత బోర్డులు, సొంత ఆస్తులు ఉంటాయి కాబట్టి, రద్దు అంటే ఆ ఆస్తులు, అప్పులు, నీటి సరఫరా వంటి సేవలు ఎవరు తీసుకుంటారన్నది ముందు తేలాలి. టెక్సస్‌లో అది చాలావరకు సిటీ మడ్‌ను తనలో కలుపుకోవడంతో జరుగుతుంది. ఫ్లోరిడా సీడీడీల రద్దు ఆ రాష్ట్ర చట్టాల చాప్టర్ 190లో ఉంది. పైనున్న నాలుగు ప్రశ్నల కాగితం మాత్రం అక్కడా మొదటి మెట్టే.

ఇల్లు అమ్మబోతున్నవాళ్లు సెసేషన్ నోటీసు కాపీని ఎస్క్రో (అమ్మకం డబ్బు, పత్రాలు మధ్యవర్తి దగ్గర ఉంచే ఏర్పాటు) తెరిచిన రోజే టైటిల్ ఆఫీసర్‌కు ఇవ్వండి. పాత టైటిల్ రిపోర్టు చూసి కొనేవాళ్ల ఏజెంటు మెల్లో రూస్ ఉందని బేరం తగ్గించకముందే ఆ కాగితం వాళ్ల చేతిలో ఉండాలి.